వెలిసిపోయిన పాత కారు రంగును ఇంట్లోనే తిరిగి తెచ్చుకోవడం ఎలా?

"బానెట్ మీద చెయ్యి పెడితే తెల్లటి పొడి అంటుతోంది. మళ్ళీ పెయింట్ వేయించాలా?" పాత కారు ఉన్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. మారుతి 800 వాళ్ళు అడుగుతారు, పద్మిని వాళ్ళు అడుగుతారు, తాతగారి అంబాసిడర్‌ను ఇంకా దాచుకున్నవాళ్ళూ అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకసారి పూర్తిగా రాసి పెడితే మేలనిపించింది.

తొందరపడి పెయింటింగ్ షెడ్డుకు తీసుకెళ్ళకండి. ఎండకు వెలిసిన కారుల్లో చాలావాటికి చనిపోయింది పైపొర ఒక్కటే. దాని కింద అసలు రంగు ఇంకా బతికే ఉంటుంది. ఫ్యాక్టరీలో వేసిన రంగును సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. షెడ్డులో అంత వేడి పెట్టరు, పెడితే లోపలి ప్లాస్టిక్కు, రబ్బరు పాడైపోతాయి. అందుకే రెండోసారి వేసిన పెయింట్ చాలావరకు మొదటిదానికి సమానం కాదు. కంపెనీ పెయింట్ ఒక్కసారి గీకేస్తే ఇక రాదు.

మాది 1997 నాటి ఎర్ర మారుతి 800, నాన్నగారు కొన్నది. ఏలూరులో ఇంటి ముందు ముక్కు పడమటికి పెట్టి ఏళ్ళ తరబడి నిలిపాం. బానెట్, టాపు గులాబీ రంగుకు తిరిగాయి. తూర్పు నీడలో ఉన్న డిక్కీ మాత్రం ఎర్రగానే మిగిలింది. మూడు ఆదివారాలు చేత్తోనే రుద్దాను. ఇప్పుడు డిక్కీకి, బానెట్‌కు తేడా వెతికి చూస్తే తప్ప తెలియదు. ఆ మూడు ఆదివారాల్లో ఒక తప్పు కూడా చేశాను, దాని సంగతి కింద చెబుతాను.

ముందు మీ కారుది ఏ పెయింటో తెలుసుకోండి

ఇది తెలియకుండా డబ్బా మూత తియ్యకండి. పాత కారుల మీద రెండు రకాల పెయింట్ కనిపిస్తుంది. ఒకటి సింగిల్ స్టేజ్, అంటే రంగూ మెరుపూ ఒకే పొరలో ఉంటాయి. రెండోది క్లియర్ కోట్, అంటే కింద రంగు, దాని మీద రంగులేని వార్నిష్ లాంటి పొర. పాత తెలుపు, ఎరుపు, నీలం లాంటి సాదా రంగులు సింగిల్ స్టేజ్ కావడానికి ఎక్కువ అవకాశం ఉంది. సిల్వర్, గ్రే లాంటి మెటాలిక్ రంగుల మీద సాధారణంగా క్లియర్ కోట్ ఉంటుంది. ఊహించడం వద్దు, పరీక్షించండి.

డిక్కీ కింది భాగంలో, కంటికి ఆనని చోట, అరచెయ్యంత మేర కడిగి ఆరనివ్వండి. తెల్లని నూలు గుడ్డకు కొద్దిగా పాలిష్ అద్ది పది పదిహేనుసార్లు రుద్దండి. గుడ్డకు కారు రంగు అంటితే సింగిల్ స్టేజ్. గుడ్డ మురికిగా, బూడిద రంగుగా మాత్రమే మారితే క్లియర్ కోట్. తెల్ల కారుకు తెల్ల గుడ్డ మీద ఏమీ తెలియదు కాబట్టి నల్ల గుడ్డ వాడండి.

ఇంకొకటి చూడాలి. ఇంతకు ముందు ఎవరైనా రీపెయింట్ చేయించారా? పెట్రోల్ మూత లోపల, డోరు తెరిస్తే కనిపించే ఫ్రేము మీద, డిక్కీ రబ్బరు కింద ఉన్న రంగు చూడండి. ఎండ తగలని చోటు కాబట్టి మీ కారు అసలు రంగు అదే. బయటి రంగు దానికి పూర్తిగా వేరుగా ఉన్నా, బీడింగుల అంచున పెయింట్ తుంపరలు కనిపించినా ఎప్పుడో షెడ్డులో పని జరిగినట్టే. అలాంటి చోట చిన్న గుడ్డకు ఒక్క చుక్క థిన్నర్ అద్ది, కనబడని మూల తాకించండి. రంగు కరిగి గుడ్డకు వచ్చేస్తే అది ఎన్‌సీ పెయింట్, అంటే థిన్నర్‌కు కరిగే నైట్రోసెల్యులోజ్ రకం కావచ్చు. దాని మీద మెషిన్ పెట్టకండి, చేత్తో తేలికగా మాత్రమే చెయ్యండి. ఈ పరీక్ష వేలి గోరంత చోటు దాటకూడదు.

పాలిష్‌తో బాగుపడనివి

క్లియర్ కోట్ పొరలు పొరలుగా లేస్తోందా? ఎండకు వీపు మీద చర్మం ఊడినట్టు, తెల్లటి మచ్చలు దేశపటంలా అంచులు కట్టి ఉంటాయి. గోరుతో తడిమితే ఆ అంచు తగులుతుంది. అక్కడ పైపొరే లేదు, ఇక దేన్ని పాలిష్ చేస్తారు? ఆ ప్యానెల్ ఒక్కటీ రీపెయింట్ చేయించడమే దారి. మొత్తం కారు అక్కర్లేదు.

పెయింట్ కింద బుడగలు లేస్తుంటే అది తుప్పు. డోర్ల అడుగున, చక్రాల పైన వంపులో, జాకీ పెట్టే చోట చూడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్ళలో ఇది మరీ ఎక్కువ. ముందు తుప్పు పని, తర్వాతే మెరుపు పని. రంగులో సన్నటి బీటలు ఎండిన చెరువు మట్టిలా కనిపించినా పాలిష్ పనిచేయదు.

వెలిసిన చోట నీళ్ళు చల్లితే ముదురు రంగు కనిపించి, ఆరగానే మళ్ళీ పాలిపోతే మాత్రం ఆశ పెట్టుకోవచ్చు. లేచిన క్లియర్ కోట్ కూడా తడిలో బాగానే కనిపిస్తుంది కాబట్టి గోటి పరీక్ష చేశాకే దీన్ని నమ్మండి.

కావలసినవి

- కారు షాంపూ, రెండు బకెట్లు, మెత్తటి మిట్టు (చేతికి తొడుక్కుని కడిగే తొడుగు) లేదా పెద్ద మైక్రోఫైబర్ గుడ్డ
- క్లే బార్ ఒకటి (పెయింట్‌కు అతుక్కున్న మురికిని లాగేసే మెత్తటి మట్టిముద్ద లాంటిది)
- మైక్రోఫైబర్ గుడ్డలు కనీసం 12. సింగిల్ స్టేజ్ కారైతే 20 ఉంచుకోండి, రంగు అంటి గుడ్డలు త్వరగా పాడవుతాయి
- పాత టర్కీ టవల్ ముక్కలు నాలుగైదు
- మాస్కింగ్ టేపు, ఒక అంగుళం వెడల్పుది
- ఫోమ్ అప్లికేటర్లు అయిదారు
- ఫినిషింగ్ పాలిష్ (సన్న గరుకుది), రబ్బింగ్ కాంపౌండ్ (ఎక్కువ గరుకుది) ఒక్కొక్కటి
- సింగిల్ స్టేజ్ కారుకు గరుకు లేని, జిడ్డు గుణం ఉన్న గ్లేజ్
- వ్యాక్స్ లేదా సీలెంట్
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఖాళీ స్ప్రే సీసా
- చేతులకు గ్లౌజులు, ముక్కుకు మాస్కు

మెషిన్ తప్పనిసరి కాదు. కొనదలిస్తే డ్యుయల్ యాక్షన్ పాలిషర్ మాత్రమే కొనండి, దానికి మెత్తటివి రెండు, మధ్యస్థంగా ఉండేవి రెండు ఫోమ్ ప్యాడ్లు తీసుకోండి.

చోటు, వేళ కూడా సామానులాంటివే. నీడ కావాలి. చింతచెట్టు, వేపచెట్టు నీడ కాదు, జిగురూ ఆకులూ పడతాయి. పోర్టికో లేదా షామియానా కింద చెయ్యండి. మన ఎండాకాలంలో పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా, మళ్ళీ సాయంత్రం అయిదు తర్వాత. ముంజేతి వెనక భాగం బానెట్‌కు ఆనించండి, వేడిగా తగిలితే ఆ పూట పని వద్దు. వేడి రేకు మీద కాంపౌండ్ క్షణంలో ఎండి అట్టకట్టి, తుడిస్తే గీతలు పెడుతుంది.

చేసే విధానం

1. కడగడం. ముందు పైపుతో దుమ్మంతా వదిలేలా నీళ్ళు కొట్టండి. తర్వాత ఒక బకెట్‌లో షాంపూ నీళ్ళు, ఒక బకెట్‌లో మామూలు నీళ్ళు పెట్టుకుని, ఒక ప్యానెల్ రుద్దగానే మిట్టును మామూలు నీళ్ళలో జాడించి మళ్ళీ షాంపూలో ముంచండి. టాపు నుంచి కిందికి రండి. చక్రాలు, అడుగు భాగం చివరికి, అదీ వేరే గుడ్డతో. బోరు నీళ్ళు అయితే కారును దానంతట అదే ఆరనివ్వకండి, ఉప్పు మరకలు కడతాయి. వెంటనే మెత్తటి గుడ్డ పరిచి నీళ్ళు పీల్చండి. పాత ఉప్పు మరకలకు తెల్ల వెనిగర్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి గుడ్డతో అద్ది, ఒక నిమిషం ఉంచి బాగా కడిగేయండి. తారు మచ్చ ఉంటే ఆ మచ్చ వరకే కొద్దిగా కిరోసిన్ గుడ్డతో తీసి, వెంటనే షాంపూతో కడగండి.

2. చేత్తో తడిమి చూడడం. చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడుక్కుని పెయింట్ మీద తేలికగా జరపండి. కంటికి కనబడని గరుకు కూడా వేళ్ళకు తెలుస్తుంది. గరుకు ఉంటే ఆ ప్యానెల్‌ను షాంపూ నీళ్ళతో బాగా తడిపి, క్లేను బిళ్ళలా చేసి, బరువు వేయకుండా ముందుకూ వెనక్కూ జరపండి. జారుతూ పోవాలి, పట్టుకుంటే నీళ్ళు చాలలేదని అర్థం. మురికి అంటిన ముఖాన్ని లోపలికి మడుస్తూ ఉండండి. క్లే చేయి జారి నేల మీద పడిందా, ఆ ముక్క పారేయండి. ఎంత కడిగినా ఇసుక రేణువు ఒక్కటి మిగిలితే చాలు, కారంతా గీతలే. సింగిల్ స్టేజ్ కారుకు క్లే కూడా రంగు తిరుగుతుంది, కంగారు పడకండి.

3. టేపు వేయడం. దీనికి అరగంట పట్టినా వెయ్యండి. నల్ల రబ్బరు బీడింగులు, ప్లాస్టిక్ బంపర్ అంచులు, వైపర్ కింది జాలీ, బ్యాడ్జీలు అన్నీ మూయండి. వీటికి కాంపౌండ్ అంటి ఎండితే తెల్ల చారలు వదలవు. అంతకంటే ముఖ్యం, ప్యానెళ్ళ పదునైన అంచులు. బానెట్ మడత, డోరు అంచు, పక్కల పొడవునా పోయే గీత, వీటి మీద పెయింట్ మిగతా చోటికంటే పల్చగా ఉంటుంది. నా తప్పు ఇక్కడే జరిగింది. బానెట్ ఎడమ మడత మీద టేపు వేయకుండా బలంగా రుద్దాను. రెండు నిమిషాల్లో ఎరుపు పోయి ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) గీత తేలింది, వేలు పొడవున. ఆ గీత ఇప్పటికీ ఉంది. టచప్ బ్రష్‌తో కప్పాను గానీ, దగ్గరగా చూసినవాళ్ళకు తెలుస్తుంది.

ఎందుకంత భయమో ఒక కొలత చెబితే అర్థమవుతుంది. కంపెనీ పెయింట్ అన్ని పొరలూ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). జిరాక్స్ కాగితం ఒకటి తీసి వేళ్ళ మధ్య పట్టుకోండి, దాని మందం ఇంచుమించు 100 మైక్రాన్లు. అందులో ప్రైమర్ పోగా మీరు రుద్దేది ఎంతో ఆలోచించండి. క్లియర్ కోట్ పొర ఒక్కటీ 35 నుంచి 50 మైక్రాన్లే.

4. గ్లేజ్ పట్టించడం, సింగిల్ స్టేజ్ కారుకు మాత్రమే. చాలామంది ఇది వదిలేసి నేరుగా కాంపౌండ్‌కు పోతారు. నా దృష్టిలో పనంతటిలో విలువైన అడుగు ఇదే. వెలిసిన పెయింట్ ఎండిన తోలులాంటిది. ఎండిన తోలును గీకితే పొట్టు లేస్తుంది, జిడ్డు పట్టిస్తే మెత్తబడి రంగు తేలుతుంది.

టర్కీ టవల్ ముక్కకు గ్లేజ్ ధారాళంగా పోసి, ఒక్కో ప్యానెల్ మీద గట్టిగానే రుద్దండి. గుడ్డకు రంగు వస్తుంది, చనిపోయిన పొడి అలా లేచిపోతోందన్న మాట. అది తుడిచి, మళ్ళీ మందంగా రాసి, రాత్రంతా అలాగే వదిలేయండి. దుమ్ము పడని చోటే ఈ పని. మర్నాడు మెత్తటి గుడ్డతో తుడవండి. బాగా ఎండిన టాపు, బానెట్‌లకు రెండోసారి కూడా పట్టించవచ్చు. మా కారు టాపుకు రెండు రాత్రులు పెట్టాను. రెండో ఉదయం తుడిచినప్పుడే గులాబీ ఛాయ సగం పోయింది, అప్పటికింకా కాంపౌండ్ మూత తియ్యనేలేదు.

గ్లేజ్ కొనేటప్పుడు సీసా మీద చదవండి. అబ్రేసివ్ ఉన్నవీ, సిరామిక్ అని రాసినవీ ఈ పనికి పనికిరావు. అలాంటిది దొరకకపోతే ఈ అడుగు వదిలి అయిదుకు వెళ్ళండి, ఫలితం కొంచెం తగ్గుతుంది, అంతే. దాని బదులు కొబ్బరినూనె, ఇంజిన్ ఆయిల్, డీజిల్ మాత్రం రాయకండి. రెండు రోజులు మెరిసి, ఊరి దుమ్మంతా అంటించుకుని, ఆ దుమ్ముతోనే గీతలు పడతాయి. డీజిల్‌కు రబ్బరు బీడింగులు ఉబ్బి వదులవుతాయి.

5. ఒక అడుగు ముక్క. డిక్కీ మూత మీద అడుగు పొడవు, అడుగు వెడల్పు చదరం టేపుతో గీయండి. ముందు ఫినిషింగ్ పాలిష్‌తో, మెత్తటి ఫోమ్‌తో ప్రయత్నించండి. తుడిచి చూడండి. నచ్చితే అక్కడితో ఆగండి, కారంతటికీ అదే చాలు. చాలలేదనిపిస్తే అదే ఫోమ్‌తో రబ్బింగ్ కాంపౌండ్. అదీ చాలకపోతే గట్టి ఫోమ్. మెత్తనిదానితో మొదలుపెట్టి గరుకుకు పోవాలి, గరుకుతో మొదలుపెడితే తీసేసిన పెయింట్ వెనక్కి రాదు. వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) జోలికి వెళ్ళకండి. 2000 నంబరు, 3000 నంబరు పేపరుతో గీతలు తీస్తున్న వీడియోలు చాలా ఉన్నాయి. ఆ చేతుల పక్కన మందం కొలిచే మీటరు ఉంటుంది, మన దగ్గర ఉండదు.

ఆ చదరం టేపు తీసి చూసినప్పుడు కలిగే సంతోషంతో వెంటనే కారు మొత్తం మొదలుపెట్టాలనిపిస్తుంది. ఒక రోజు ఆగండి. మర్నాడు ఎండలో అదే చదరం చూడండి.

6. చేత్తో చేయడం. ఒక్కో విడత అడుగున్నర చదరానికి మించి తీసుకోకండి. అప్లికేటర్ మీద శనగగింజంత చుక్కలు మూడు నాలుగు చాలు. కాంపౌండ్ ఎక్కువ పోస్తే పని త్వరగా అవదు, జారుడు మాత్రమే పెరుగుతుంది. ముందు పొడవుగా, బానెట్ అయితే అద్దం నుంచి ముందు బంపర్ వైపుకు, తర్వాత అడ్డంగా. రెండు మూడు నిమిషాలు సమానమైన ఒత్తిడితో రుద్దండి. వేళ్ళ కొనలతో నొక్కితే వేళ్ళ గుర్తులు పడతాయి, అరచెయ్యి మొత్తం ఆనాలి. పల్చటి పొరలా మిగిలాక, ఎండిపోకముందే, శుభ్రమైన మైక్రోఫైబర్‌తో తుడవండి.

గుడ్డను నాలుగు మడతలు పెట్టి, ఒక ముఖం నిండగానే ఇంకో ముఖానికి మారండి. సింగిల్ స్టేజ్ కారుకు రంగు నిండిన గుడ్డతోనే రుద్దుతూ పోతే, తీసిన పొడినే మళ్ళీ పెయింట్‌లోకి రుద్దుతున్నట్టు. గుడ్డకు అంటే రంగు మొదట పాలిపోయి, పొడిపొడిగా ఉంటుంది. క్రమంగా అది చిక్కటి, ముదురు రంగుకు మారుతుంది. ఆ మార్పు కనిపించిందంటే చనిపోయిన పొర పోయి బతికున్న రంగు చేరారు. అక్కడే ఆగాలి. ఇంకా మెరవాలని ఇంకో పట్టు పట్టించకండి.

బూడిద రంగు, లేదా కారు రంగుకు సంబంధం లేని మరే రంగైనా మచ్చగా తేలితే అది ప్రైమర్. వెంటనే చెయ్యి తీసేయండి.

రుద్దేటప్పుడు మాస్కు, గ్లౌజులు వదలకండి. పాత ఎరుపు, పసుపు, నారింజ పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఉంది. పొడి గాలిలోకి లేచేలా డ్రై శాండింగ్ అసలు వద్దు. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి, ఆ గుడ్డల్ని ఇంటి బట్టలతో కలిపి ఉతకకండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగాకే టీ తాగండి.

7. మెషిన్‌తో చేయాలనుకుంటే. డ్యుయల్ యాక్షన్ మెషిన్ తల తిరుగుతూనే ఊగుతుంది కాబట్టి ఒకేచోట వేడి పుట్టడం తక్కువ, కొత్తవాళ్ళకు ఇదే క్షేమం. ప్యాడ్ పెయింట్‌కు ఆనించాకే స్విచ్ వెయ్యండి, లేకపోతే కాంపౌండ్ గోడ మీదకు చిమ్ముతుంది. ఒకటో స్పీడులో పరిచి, నాలుగు లేదా అయిదు స్పీడులో పని చెయ్యండి. చెయ్యి నిదానంగా కదలాలి, సెకనుకు అంగుళం చొప్పున. ఒక్కో వరుస ముందు వరుసను సగం కప్పుతూ, నాలుగు నుంచి ఆరు సార్లు. ప్యాడ్ బల్లపరుపుగా ఆనాలి, వాలిస్తే అంచు కోస్తుంది. ప్లేటు పక్కన మార్కర్‌తో ఒక గీత గీసుకోండి, ఆ గీత తిరగడం ఆగిందంటే మీరు ఎక్కువ నొక్కుతున్నారు. ప్రతి విడత తర్వాత ప్యాడ్‌ను పాత టూత్ బ్రష్‌తో దులపండి.

అంచుల దగ్గర, హ్యాండిల్ చుట్టూ, పిల్లర్ల మీద మెషిన్ వద్దు, చేత్తోనే. డ్రిల్ మెషిన్‌కు ఉన్ని ప్యాడ్ తగిలించి చేయడం చాలా చోట్ల చూస్తున్నాను, దయచేసి వద్దు. గ్రైండర్ అయితే అసలే వద్దు. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్ల దరిదాపుల్లో తిరుగుతుంది. పాలిష్ పనికి 3,000 చుట్లే చాలా ఎక్కువ. గ్రైండర్ కింద పెయింట్ కాలిపోవడానికి మీరు తల తిప్పి చూసినంతసేపు కూడా పట్టదు.

8. ఫలితం సరిచూడడం. పాలిష్, కాంపౌండ్లలో ఉండే నూనెలు గీతలను తాత్కాలికంగా నింపి కప్పేస్తాయి. రెండు కడుగుళ్ళలో అవి పోయి మళ్ళీ పాత ముఖం బయటపడుతుంది. అందుకే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక పాలు, నీళ్ళు ఆరు పాళ్ళు కలిపి స్ప్రే చేసి తుడిచి చూడండి. తుడిచాక కూడా మెరుపు నిలిస్తే అది నిజమైన మెరుపు. సింగిల్ స్టేజ్ కారుకు ఈ పరీక్ష అడుగు ముక్క మీద మాత్రమే చాలు, కారంతా చేస్తే పట్టించిన గ్లేజ్‌ను మీరే కడిగేసుకున్నట్టు.

తర్వాత ఇవి చూడండి. రాత్రి లైట్లు ఆపి, ఫోన్ టార్చిని పెయింట్‌కు ఏటవాలుగా పట్టండి, సాలెగూడులాంటి గుండ్రటి గీతలు ఎన్ని మిగిలాయో తెలుస్తుంది. ట్యూబ్‌లైట్ కింద కారు పెట్టి, ప్రతిబింబం అంచు చూడండి. అంచు పదునుగా కనిపించాలి, మసకగా ఉంటే ఆ ప్యానెల్‌కు ఫినిషింగ్ పాలిష్ ఇంకోసారి కావాలి. చివరగా పెట్రోల్ మూత తెరిచి లోపలి రంగును, పక్కనున్న బయటి రంగును పోల్చండి. నూటికి నూరు కలవదు. 25 ఏళ్ళ ఎండ తిన్న ఎరుపు లోపలి ఎరుపుకంటే ఒక ఛాయ తక్కువగా ఉండడం సహజం. నాలుగడుగుల దూరం నుంచి తేడా తెలియకపోతే చాలు. లోతైన గీత, గోరు తగిలి ఆగేంతదైతే, పాలిష్‌తో పోదు. దాన్ని వెంటాడుతూ చుట్టూ ఉన్న మంచి పెయింట్‌ను పలచన చేసుకోకండి, గీతతోనే బతకనివ్వండి.

9. వ్యాక్స్. బయటపడిన కొత్త ముఖానికి కాపలా లేకపోతే ఒక వేసవిలోనే మళ్ళీ పొడి మొదలవుతుంది. కార్నూబా వ్యాక్స్ పాత సాదా రంగులకు లోతైన, వెచ్చటి మెరుపు ఇస్తుంది. సింథటిక్ సీలెంట్ అంత లోతు ఇవ్వదు గానీ ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఎండలోనే నిలిపే కారైతే సీలెంట్, ఇంటి కప్పు కింద ఉండి పండగలకు బయటికి వచ్చే కారైతే వ్యాక్స్, ఇది నా లెక్క. ఏదైనా పల్చగా రాయండి. మందంగా రాసినదంతా తుడిచి పారేయడమే తప్ప ఉపయోగం లేదు. వేలితో గీసి చూస్తే శుభ్రంగా వచ్చేంత ఆరాక తుడవండి.

సిరామిక్ కోటింగ్ వేయించమంటారా అని అడుగుతారు. పాత సింగిల్ స్టేజ్ పెయింట్‌కు నేను వద్దంటాను. కోటింగ్ అంటుకోవాలంటే ముందు జిడ్డంతా తుడిచేయాలి, ఈ పెయింట్‌కు ప్రాణం ఆ జిడ్డే. క్లియర్ కోట్ బాగున్న కారైతే మీ ఇష్టం.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

టూత్‌పేస్ట్. హెడ్‌లైట్ అద్దాలకు కొంత పనిచేసిందని కారంతా రుద్దినవాళ్ళున్నారు. దానిలోని గరుకు ఎంతో మన చేతిలో లేదు, పైగా సందుల్లో ఇరుక్కుని గట్టిపడుతుంది.

గిన్నెలు కడిగే లిక్విడ్, బట్టల సర్ఫు. వ్యాక్స్ మొత్తం పోతుంది, ఎండిన పెయింట్ ఇంకా ఎండుతుంది. నెలకొకసారి ఇలా కడిగితే మీరు పట్టించినదంతా కొట్టుకుపోయినట్టే.

పొడి గుడ్డతో దుమ్ము దులపడం. పొద్దున్నే డ్రైవర్లు, వాచ్‌మెన్లు మంచి ఉద్దేశంతోనే చేస్తారు. ఆ దుమ్ములో ఇసుక ఉంటుంది. వాళ్ళకు ఒక షాంపూ బాటిల్, రెండు మంచి గుడ్డలు ఇచ్చి మెల్లగా చెప్పండి.

దుమ్ము మీదే కవరు కప్పడం. గాలికి కవరు ఊగినప్పుడల్లా అది వాటర్ పేపర్‌లా పనిచేస్తుంది. కడిగి, ఆరాకే కప్పండి. వానాకాలంలో గాలి ఆడని ప్లాస్టిక్ కవరు కింద తేమ నిలిచి తుప్పుకు దారి చేస్తుంది.

రంగు మార్చేయడం. "ఎలాగూ వేయిస్తున్నాం కదా, ఎరుపు బదులు నలుపు వేయిద్దాం" అనుకునేవాళ్ళు గుర్తుంచుకోండి, రంగు మారితే ఆర్సీలో కూడా మార్పించుకోవాలి. 15 ఏళ్ళు దాటిన కారు రెన్యువల్‌కు వెళ్ళినప్పుడు ఆర్సీలో ఒక రంగు, కారుకు ఒక రంగు ఉంటే ఆ టెన్షన్ మీదే.

బీడింగులకు తెల్ల చారలు అంటితే గోటితో గీకకండి. పెన్సిల్ రబ్బరుతో తుడిచి, మిగిలింది షాంపూ నీళ్ళు, టూత్ బ్రష్‌తో తీయండి.

ఆ తర్వాత

రెండు వారాలకొకసారి నీడలో కడగండి. కడిగాక నీళ్ళు పూసల్లా గుండ్రంగా నిలుస్తున్నాయా చూడండి. పూసలు పోయి నీళ్ళు పలకలా పరుచుకుంటే వ్యాక్స్ అయిపోయినట్టు. ఎండలో నిలిపే కారుకు మన దగ్గర రెండు మూడు నెలలకే ఆ స్థితి వస్తుంది. పక్షి రెట్ట కనిపిస్తే ఆదివారం దాకా ఆగకండి, తడి గుడ్డ పరిచి మెత్తబడ్డాక తీసేయండి. వేసవిలో ఒక్క మధ్యాహ్నం చాలు, మచ్చ లోపలికి దిగడానికి. కారును ఎప్పుడూ ఒకే దిక్కుకు నిలపకుండా వారానికొకసారి తిప్పి పెట్టండి. మా బానెట్ నేర్పిన సంగతి ఇది.

కాంపౌండ్ మళ్ళీ పట్టాల్సిన అవసరం ఏళ్ళ దాకా రాకూడదు. ఏ ప్యానెల్‌కు ఏం వాడారో, ఎన్ని విడతలు రుద్దారో, ఏ తేదీనో ఒక కాగితం మీద రాసి ఆర్సీ కవర్లో పెట్టండి. మాది "బానెట్: గ్లేజ్ 2, కాంపౌండ్ 1, పాలిష్ 1. ఎడమ మడత మీద ఇక ముట్టకూడదు" అని ఉంటుంది. కారు రేపు మీ అబ్బాయి చేతికో అమ్మాయి చేతికో వెళ్ళినా, ఎవరికైనా అమ్మినా, పైన ఎంత పెయింట్ మిగిలి ఉందో వాళ్ళకు ఆ కాగితం తప్ప చెప్పేవాళ్ళుండరు.